రైజెన్ 7700కి ఏ ర్యామ్ తీసుకోవాలి? 6000 సీఎల్36, 6000 సీఎల్30, 7200 కిట్ల మధ్య పోలిక (ఓవర్‌క్లాకింగ్ కోసం)

కొత్తబిల్డ్_హైదరాబాద్

అందరికీ నమస్తే. ఎనిమిదేళ్ల పాత పీసీ పక్కన పెట్టి కొత్తది బిల్డ్ చేసుకుంటున్నాను. రైజెన్ 7 7700, బీ650 మదర్‌బోర్డ్, కూలర్, పవర్ సప్లై అన్నీ ఇంటికొచ్చేశాయి, ర్యామ్ దగ్గరే వారం నుంచి ఆగిపోయాను. మూడు కిట్లు చూశాను, మూడింట్లోనూ 16 జీబీ స్టిక్స్ రెండేసి. మొదటిది 6000 స్పీడు, టైమింగ్స్ 36-36-36. రెండోది అదే 6000, టైమింగ్స్ 30-38-38, ధర కాస్త ఎక్కువ. మూడోది 7200, టైమింగ్స్ 34-45-45, రెండోదాని కంటే ఇంకొంచెం ఎక్కువ. రాత్రిపూట గేమ్స్ ఆడతాను, పగలంతా కోడ్ కంపైల్ చేసుకుంటాను. ఓవర్‌క్లాకింగ్ నేర్చుకోవాలని చాలా రోజులుగా ఉంది. 7200 తీసుకుంటే అన్నింటికంటే ఫాస్ట్ అనుకోవచ్చా? ఇంకోటి, ఇప్పుడు రెండు స్టిక్స్ కొని వచ్చే ఏడాది ఇంకో రెండు వేసుకుంటే సరిపోతుందా?

నానోసెకన్

తమ్ముడూ, ముందు ఒక చిన్న లెక్క నేర్చుకో, ఆ తర్వాత ఏ బాక్సు చూసినా నీకే తెలుస్తుంది. సీఎల్ అంకెని (టైమింగ్స్‌లో మొదటిది) 2000తో గుణించి స్పీడుతో భాగిస్తే ఆ ఆలస్యం ఎన్ని నానోసెకన్లో వస్తుంది. 6000 సీఎల్36 అయితే 12. 6000 సీఎల్30 అయితే 10. 7200 సీఎల్34 అయితే 9.44. కాగితం మీద 7200దే గెలుపు, నీ అనుమానం కూడా అక్కడే మొదలై ఉంటుంది.

కానీ నీ ప్రాసెసర్‌లో మెమరీ ఒక్కటే పరిగెత్తితే చాలదు. ఏఎం5లో, అంటే నీ ప్రాసెసర్ సాకెట్ రకంలో, మూడు గడియారాలు ఉంటాయి: మెమరీది ఎంక్లాక్, మెమరీ కంట్రోలర్‌ది యూక్లాక్, కోర్లని కంట్రోలర్‌తో కలిపే దారి ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్‌ది ఎఫ్‌క్లాక్. 6000 దగ్గర ఎంక్లాక్ 3000, యూక్లాక్ కూడా 3000, రెండూ జతగా నడుస్తాయి. 7200 పెడితే ఎంక్లాక్ 3600 అవుతుంది, అంత వేగం కంట్రోలర్ అందుకోలేదు కాబట్టి బోర్డు దాన్ని సగానికి, అంటే 1800కి దించేస్తుంది. మెమరీ వేగంగా ఉన్నా దాని ముందున్న గేటు నిదానమైపోయింది. స్టిక్‌లో సంపాదించిన అర నానోసెకన్ కంట్రోలర్ దగ్గర పోతుంది, పైగా ఇంకొంత పోతుంది. చాలా ప్రాసెసర్లు 6200, అదృష్టం బాగుంటే 6400 వరకు జతగా నడుస్తాయి. రైజెన్ 7000 వచ్చినప్పుడు ఏఎండీ 6000నే సరైన చోటు అని చెప్పింది కూడా ఇందుకే.

ఇంకో సంగతి. 7700లో కోర్ల చిప్లెట్ ఒక్కటే. ఫ్యాబ్రిక్ ఒక్కో క్లాక్‌కి 32 బైట్లు చదివిస్తుంది, ఎఫ్‌క్లాక్ 2000 అంటే సెకనుకి 64 జీబీ. 6000 మెమరీ రెండు ఛానళ్లలో కాగితం మీద 96 జీబీ ఇవ్వగలదు. అంటే 6000 దగ్గరే నీ మెమరీ పైపు ఫ్యాబ్రిక్ పైపు కంటే లావుగా ఉంది, దాన్ని ఇంకా లావు చేసి లాభం లేదు. నువ్వు తగ్గించాల్సింది ఆలస్యం. ఆ మూడింట్లో నా ఓటు 30-38-38కే.

గ్రాఫిక్స్_ముందు

నాది వేరే అభిప్రాయం. ఎక్స్‌పో (బయోస్‌లో ఆన్ చేసుకునే ఏఎండీ రెడీమేడ్ ర్యామ్ సెట్టింగ్) ఆన్ చేసి వదిలేయండి. 1440పీలో మామూలు గ్రాఫిక్స్ కార్డుతో ఆడేవాళ్లకి ర్యామ్ టైమింగ్స్ తేడా కంటికి కనిపించదు. ఆ డబ్బు కార్డులో పెడితే నేరుగా ఎఫ్‌పీఎస్ వస్తుంది. నిద్ర మానుకుని టైమింగ్స్ మారుస్తూ కూర్చునే ఫ్రెండ్స్‌ని చాలామందిని చూశాను, చివరికి వచ్చేది నాలుగైదు ఫ్రేములు.

నానోసెకన్

కార్డు అడ్డుపడే గేముల్లో మీరన్నది నిజమే అండి, అందులో వాదన లేదు. 7800ఎక్స్3డీ లాంటి ప్రాసెసర్ ఉన్నవాళ్లకైనా నేను ఇంత చెప్పను, అందులో 96 ఎంబీ ఎల్3 క్యాష్ ఉంది, మెమరీ దాకా వెళ్లాల్సిన పనే తక్కువ. 7700లో అది 32 ఎంబీయే. ఈయన కంపైలింగ్ కూడా చేస్తారు. ప్రాసెసర్ అడ్డుపడే గేముల్లో సగటు ఎఫ్‌పీఎస్ కంటే ఆ మధ్యమధ్యలో టక్కున ఆగే జర్క్ తగ్గుతుంది, నాకు ముఖ్యం అది. పైగా నేర్చుకోవాలని ఉంది అన్నారు కదా, నేర్చుకోనివ్వండి.

ఓరుగల్లు_ఓసీ

నేను 7200 కిట్ వైపు మాట్లాడతా. అన్న చెప్పిన లెక్కంతా కరెక్టే, కానీ ఆ కిట్‌ని 7200లోనే నడపాలని రూల్ లేదు కదా బ్రో. అసలు చూడాల్సింది హీట్ స్ప్రెడర్ కింద ఏ చిప్ ఉంది అన్నది. 16 జీబీ స్టిక్స్‌లో 7200 సీఎల్34 అమ్ముతున్నారంటే అది దాదాపు ఖాయంగా ఎస్‌కే హైనిక్స్ ఏ-డై (డై అంటే చిప్ వెర్షన్). దాన్ని 6000కి దించి టైమింగ్స్ బిగిస్తే సీఎల్30 కిట్ కంటే ఒక అడుగు ముందే ఉంటుంది. ఒకటే ఇబ్బంది, అలాంటి కిట్లలో చాలావాటికి ఇంటెల్ ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ మాత్రమే ఉంటుంది, ఎక్స్‌పో ఉండదు. అన్నీ చేత్తో టైప్ చేసుకోవాలి.

చిప్‌ల సంగతి క్లుప్తంగా చెప్తా. డీడీఆర్5లో 16 గిగాబిట్ చిప్స్ ప్రధానంగా ముగ్గురివి: హైనిక్స్, శాంసంగ్, మైక్రాన్. ఓవర్‌క్లాకింగ్‌కి హైనిక్స్ ఏ-డై, ఎం-డై ముందు. వోల్టేజ్ ఇస్తే సీఎల్ దిగుతుంది, టీఆర్‌ఎఫ్‌సీ (మెమరీ రిఫ్రెష్‌కి పట్టే సమయం) కూడా బాగా దిగుతుంది, ఎం-డై కంటే ఏ-డైలో ఇంకా కిందకి వెళ్తుంది. శాంసంగ్ 6000 దగ్గర బాగానే నడుస్తుంది, టైమింగ్స్ మాత్రం హైనిక్స్ అంత బిగించలేం. మైక్రాన్ పాత 16 గిగాబిట్ చిప్ ఈ పనికి అందరికంటే వెనక. 24 జీబీ, 48 జీబీ స్టిక్స్‌లో వచ్చే హైనిక్స్ 24 గిగాబిట్ ఎం-డై కూడా గట్టిది.

బాక్సు మీద చిప్ పేరు రాయరు. కానీ 36-36-36 అని మూడూ ఒకేలా ఉంటే ఎక్కువగా శాంసంగ్, 30-36-36, 30-38-38 ఉంటే ఎక్కువగా హైనిక్స్. జీ.స్కిల్ స్టిక్కర్ మీద 042తో మొదలయ్యే చిన్న కోడ్ ఉంటుంది, దాని చివర 820ఏ అంటే హైనిక్స్ ఏ-డై, 820ఎం అంటే ఎం-డై, 810బీ అంటే శాంసంగ్. కోర్సెయిర్ అయితే వెర్షన్ నంబర్‌లో మొదటి అంకె చూడు: 3 మైక్రాన్, 4 శాంసంగ్, 5 హైనిక్స్. మోడల్ పేరు ఒకటే ఉన్నా లోపల చిప్ మారిపోవచ్చు, అందుకే రివ్యూ చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేకంటే షాపుకెళ్లి స్టిక్కర్ చూసి కొనడం మేలు.

కొత్తబిల్డ్_హైదరాబాద్

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, చాలా థాంక్స్ అన్నా. శనివారం సికింద్రాబాద్ వెళ్తాను, అక్కడి కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీలో చూపించమని అడుగుతాను. నాలుగు స్టిక్స్ సంగతి ఎవరూ చెప్పలేదు?

నానోసెకన్

నాలుగు వద్దు. రైజెన్ 7000కి ఏఎండీ ఇచ్చిన అధికారిక స్పీడు రెండు స్టిక్స్‌తో 5200, నాలుగు పెడితే 3600. కొందరు నాలుగుతో 6000 నడుపుతారు, కానీ అది నీ బోర్డు, నీ ప్రాసెసర్, నీ ఓపిక మీద ఆధారపడిన విషయం. 64 జీబీ కావాలనిపిస్తే ఇప్పుడే 32 జీబీ స్టిక్స్ రెండు తీసుకో. 8 జీబీ స్టిక్స్ జోలికి అసలు వెళ్లకు, వాటిలో నాలుగే చిప్స్ ఉంటాయి, బ్యాంక్ గ్రూపులు సగమే ఉండి నిజంగానే నిదానం. రెండు స్టిక్స్ వేసేటప్పుడు ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్.

డాలస్_నుంచి

ఇక్కడ ఇంటెల్ వాడేవాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం రెండు ముక్కలు. పైన చెప్పిన 6000 లెక్క ఏఎం5కి మాత్రమే. నాది 14వ తరం ఐ7, డీడీఆర్5లో మా కంట్రోలర్ ఎలాగూ గేర్ 2లో, అంటే సగం వేగంలోనే నడుస్తుంది కాబట్టి మాకు 7200, 7600 పెట్టినా కొత్తగా నష్టం లేదు. బోర్డు మాత్రం చాలా ముఖ్యం, నాలుగు స్లాట్ల బోర్డు మీద 7200 దగ్గరే తడబడిన కిట్ రెండు స్లాట్ల బోర్డు మీద హాయిగా నడిచింది. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200కి సీయూడిమ్ అని కొత్త రకం స్టిక్స్ ఉన్నాయి, క్లాక్ సిగ్నల్‌ని శుభ్రం చేసి ఇచ్చే చిప్ స్టిక్ మీదే ఉంటుంది. అది మీకు అక్కర్లేదు తమ్ముడూ.

బెజవాడ_బిల్డర్

అందరూ చిప్ గురించి, లెక్కల గురించి చెప్పారు, ఎండ గురించి ఒక్కరూ చెప్పలేదు. నా అనుభవం రాస్తాను, పెద్దదే, ఓపికగా చదవండి.

నాది డీడీఆర్4. రైజెన్ 5 5600, శాంసంగ్ బీ-డై ఉన్న 3200 సీఎల్14 కిట్. బీ-డై అంటే తెలిసినవాళ్లకి తెలుసు, వోల్టేజ్ ఎంత ఇస్తే అంత దిగుతుంది. డిసెంబర్‌లో కూర్చుని 3800కి తీసుకెళ్లి 14-15-15, 1.5 వోల్టులు, టీఆర్‌ఎఫ్‌సీ 247 పెట్టాను. ఎఫ్‌క్లాక్ 1900. రాత్రంతా టెస్ట్‌మెమ్5 అనే ర్యామ్ టెస్ట్ నడిపితే ఒక్క ఎర్రర్ లేదు. నాలుగు నెలలు రాజాలా నడిచింది.

మేలో మొదలైంది. గేమ్ పెట్టిన నలభై నిమిషాలకి డెస్క్‌టాప్ మీదకి వచ్చేసేది. గేముదే తప్పనుకున్నాను, గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చాను, విండోస్ మళ్లీ వేశాను. ఆ వారంలోనే అక్క పెళ్లి ఫోటోలు కెమెరా కార్డు నుంచి నా పీసీలోకి కాపీ చేసి, కార్డు ఖాళీ చేసి తిరిగి ఇచ్చేశాను. పది రోజుల తర్వాత ఆల్బమ్ కోసం తెరిస్తే కొన్ని ఫోటోల్లో పైసగం మామూలుగానే ఉంది, కింద సగం ఆకుపచ్చ, గులాబీ చారలు. జీలకర్ర బెల్లం పెట్టే ఫోటోలో అక్క ముఖం ఉంది, చేతులు లేవు. ముప్పై ఏడు ఫోటోలు అలా పోయాయి. కార్డు అప్పటికే వేరే ఫంక్షన్‌కి వాడేశారు.

అప్పుడు గ్రాఫిక్స్ కార్డుని కూడా పని చేయిస్తూ ర్యామ్ టెస్ట్ పెట్టాను. స్టిక్ వేడి 53 డిగ్రీలకి వెళ్లింది, పన్నెండో నిమిషంలో ఎర్రర్. డిసెంబర్‌లో టెస్ట్ చేసినప్పుడు కార్డు ఖాళీగా ఉంది, గది 22 డిగ్రీలు, స్టిక్స్ 38 దాటలేదు. తప్పు ర్యామ్‌ది కాదు, నేను పెట్టిన టీఆర్‌ఎఫ్‌సీది, నేను చేసిన టెస్టుది. టీఆర్‌ఎఫ్‌సీ 304కి పెంచాను, 1.45 వోల్టులకి దించాను, 120 ఎంఎం ఫ్యాన్ ఒకటి స్టిక్స్ మీదకి గాలి కొట్టేలా జిప్ టైతో కట్టాను. ఆ తర్వాత రెండు ఎండాకాలాలు గడిచాయి, ఒక్క క్రాష్ లేదు.

అందుకని తమ్ముడూ, గేమ్ క్రాష్ అయితే మళ్లీ పెట్టుకుంటావు. ఫైల్ పాడైతే నీకు తెలియను కూడా తెలియదు. టెస్ట్ అయ్యేదాకా ఆ పీసీలో ముఖ్యమైన ఫైల్ ఒక్కటి కూడా పెట్టకు, ఓఎస్ కూడా వేరే పాత ఎస్‌ఎస్‌డీలో వేసి టెస్ట్ చేయి.

కొత్తబిల్డ్_హైదరాబాద్

అన్నా, ఫోటోల సంగతి చదివి మనసు పాడైంది. వేడెక్కితే ఎర్రర్ ఎందుకొస్తుంది? స్టిక్స్ 85 డిగ్రీల దాకా తట్టుకుంటాయని ఎక్కడో చదివానే.

నానోసెకన్

మంచి ప్రశ్న. ఒక్కో బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లో ఛార్జ్ రూపంలో ఉంటుంది, అది చిల్లు కుండలో నీళ్లలా కారిపోతూనే ఉంటుంది. అందుకే కొద్ది కొద్ది సేపటికి మళ్లీ నింపాలి, దాన్నే రిఫ్రెష్ అంటాం. వేడి పెరిగితే చిల్లు పెద్దదవుతుంది. 85 డిగ్రీల మాట నిజమే, కానీ అది కంపెనీ ప్రామాణిక టైమింగ్స్‌కి, మనం బిగించినవాటికి కాదు.

డీడీఆర్5లో రిఫ్రెష్ 3.9 మైక్రోసెకన్లకోసారి రావాలి, 6000 దగ్గర అది 11,700 క్లాకులు. ఆ అంకె పేరు టీరెఫీ. ఒక్కో రిఫ్రెష్‌కి పట్టే సమయం టీఆర్‌ఎఫ్‌సీ, 16 గిగాబిట్ చిప్‌కి ప్రామాణికంగా 295 నానోసెకన్లు. అంటే 3,900లో 295, ఏడున్నర శాతం సమయం మెమరీ తలుపు మూసి తనపని తను చేసుకుంటోంది. ఇప్పుడు టీరెఫీ 50,000 పెట్టి, హైనిక్స్ కాబట్టి టీఆర్‌ఎఫ్‌సీ 500కి దించామనుకో, 50,000లో 500 అంటే ఒక్క శాతం. సీఎల్ 36 నుంచి 30కి దించడం కంటే చాలా పనుల్లో ఇదే ఎక్కువ కనిపిస్తుంది, బాక్సు మీద ఎక్కడా రాసి ఉండదు. కానీ నీళ్లు నింపే వ్యవధి నాలుగింతలు పెంచావు, కుండలో నీళ్లు అంతసేపు ఉండాలంటే చల్లగా ఉండాలి. బెజవాడ అన్న చెప్పింది సరిగ్గా ఇదే. స్టిక్ వేడి 50 లోపు ఉంచు. డీడీఆర్5 స్టిక్‌లోనే సెన్సర్ ఉంటుంది, హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది.

ఓరుగల్లు_ఓసీ

వోల్టేజ్ గురించి ఒక మాట. స్టిక్ వీడీడీ, అంటే స్టిక్‌కి ఇచ్చే వోల్టేజ్, 1.35 నుంచి 1.4 దాకా చాలు. ఎస్‌ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ వైపుది) 1.3 ఎప్పుడూ దాటించొద్దు. 2023 ఏప్రిల్‌లో ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయిన గొడవ తర్వాతే బయోస్‌లలో ఆ హద్దు వచ్చింది, కాబట్టి ముందు బయోస్ అప్‌డేట్ చేసుకో. 6000కి 1.2 దగ్గర చాలాసార్లు సరిపోతుంది. బోర్డు ఆటోలో ఎంత ఇస్తోందో కూడా చూడు, కొన్ని అవసరం లేకపోయినా ఎక్కువ ఇచ్చేస్తాయి.

కొత్తబిల్డ్_హైదరాబాద్

అప్‌డేట్. శనివారం వెళ్లాను. మొదట ఒక షాపులో సీల్ ఊడిన బాక్సు చూపించి అదే తీసుకోమన్నారు, స్టిక్కర్ చూస్తానంటే విసుక్కున్నారు, బయటికి వచ్చేశాను. రెండో చోట కుర్రాడు చాలా ఓపికగా మూడు బాక్సులు తీసి పెట్టాడు, ఫోన్ టార్చ్ వేసి కోడ్ చదివాను, 30-38-38 కిట్‌లో ఒకదాని చివర 820ఏ. అదే తీసుకున్నాను.

ఇంటికొచ్చి స్టిక్స్ వేశాక మాత్రం గట్టి టెన్షన్ పడ్డాను. పవర్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగానే ఉంది, బోర్డు మీద డీర్యామ్ దగ్గర పసుపు లైటు వెలుగుతూ ఉంది. రెండు నిమిషాలు, నాలుగు నిమిషాలు. ఆపేద్దామని చెయ్యి స్విచ్ దాకా వెళ్లింది. ఆరో నిమిషంలో బయోస్ వచ్చింది.

బెజవాడ_బిల్డర్

ఆపకపోవడం మంచిదైంది. అది మెమరీ ట్రైనింగ్, ఏఎం5లో మొదటిసారి అలాగే పడుతుంది. టైమింగ్ మార్చినప్పుడల్లా కొంత పడుతుంది. పది, పదిహేను నిమిషాలైనా రాకపోతే అప్పుడు కరెంటు ప్లగ్ తీసి, బటన్ సెల్ ఐదు నిమిషాలు బయట పెట్టి మళ్లీ వెయ్యి. సెల్ తీసే ముందు గ్రాఫిక్స్ కార్డు అడ్డొస్తుంది చూసుకో, చాలా బోర్డుల్లో దాని కిందే ఉంటుంది.

కొత్తబిల్డ్_హైదరాబాద్

వారం తర్వాత మళ్లీ వచ్చాను. మీరు చెప్పినట్టే ఒక్కో అంకె మారుస్తూ, ఒక్కోసారి టెస్ట్ పెడుతూ వెళ్లాను. ముందు ఎక్స్‌పో మాత్రమే పెట్టి పాత ఎస్‌ఎస్‌డీలో టెస్ట్‌మెమ్5 మూడు గంటలు, పాస్. ఐడా64 అనే టెస్ట్ సాఫ్ట్‌వేర్‌లో లేటెన్సీ (మొత్తం ఆలస్యం) 73 నానోసెకన్లు చూపించింది. తర్వాత టీఆర్‌ఎఫ్‌సీ 500, టీరెఫీ 50,000. అంతే, 66కి వచ్చింది. సీఎల్ ముట్టుకోలేదు. తర్వాత 28కి దించుదామని 1.4 వోల్టులు ఇచ్చాను, విండోస్ దాకా వచ్చింది, టెస్ట్‌లో ఏడో నిమిషంలో ఎర్రర్. మళ్లీ 30కి వచ్చేశాను, 1.37 వోల్టులు. ఎఫ్‌క్లాక్ 2000లోనే ఉంది.

నిన్న మధ్యాహ్నం ఏసీ ఆపి, గది 34 డిగ్రీలు ఉండగా, గ్రాఫిక్స్ కార్డుకి పని పెట్టి టెస్ట్ నడిపాను. స్టిక్స్ 56 డిగ్రీలు, యాభై నిమిషాలకి ఒక ఎర్రర్. అన్నా, మీరు రాసింది చదవకపోతే ఈ టెస్ట్ చేసేవాణ్ణే కాదు. కేబినెట్ ముందు ఫ్యాన్ ఒకటి పైకి మార్చి స్టిక్స్ ఎత్తులో పెట్టాను, టీరెఫీ 40,000కి దించాను. అదే గది, అదే టెస్ట్, 48 డిగ్రీలు, నాలుగు గంటలు, ఎర్రర్ లేదు.

నేను ఎక్కువగా చేసే ప్రాజెక్ట్ కంపైల్ ముందు 4 నిమిషాల 10 సెకన్లు, ఇప్పుడు 3 నిమిషాల 56. రోజుకి ముప్పైసార్లు చేస్తాను.

గ్రాఫిక్స్_ముందు

ఒప్పుకుంటున్నా, ఆ కంపైల్ తేడా నేను అనుకోలేదు. నా పీసీలో కూడా టీరెఫీ చూస్తాను. నాది శాంసంగ్ చిప్ కిట్, 36-36-36. అదే అంకెలు పెట్టొచ్చా?

ఓరుగల్లు_ఓసీ

టీరెఫీ అలాగే పెట్టొచ్చు బ్రో, వేడి చూసుకుంటూ. టీఆర్‌ఎఫ్‌సీ మాత్రం 500 పెట్టకు, అది హైనిక్స్ అంకె, నీది అసలు బూట్ కాకపోవచ్చు. ఇప్పుడున్న దాని నుంచి 40 చొప్పున దించుతూ ప్రతిసారీ టెస్ట్ పెట్టు. జెన్‌టైమింగ్స్ (టైమింగ్స్ చూపించే సాఫ్ట్‌వేర్) స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టు, మిగతావి కూడా చూసి చెప్తా.

బెజవాడ_బిల్డర్

మొదలుపెట్టే ముందు ఫోటోలు బ్యాకప్ తీసుకో అన్నా.